ముసురు పట్టిన రోజు పసిపిల్లలతో ఎక్కడికి వెళ్ళాలి, ఎలా వెళ్ళిరావాలి

మూడు రోజులుగా ముసురు. దండెం మీద బట్టలు ఆరడం లేదు. బాల్కనీ తలుపు తీస్తే జల్లు కొడుతోంది. నాలుగేళ్ళవాడు సోఫా మీంచి దివాన్ మీదికి, దివాన్ మీంచి సోఫా మీదికి దూకుతున్నాడు. ఎనిమిది నెలల చంటిది చంక దిగనంటోంది. జూన్‌లో నైరుతి వచ్చింది మొదలు అక్టోబరు దాకా హైదరాబాద్‌లో పసిపిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఈ రోజు తప్పదు.

ఇలాంటి రోజునే పిల్లల్ని బయటికి తీసుకెళ్ళాలని నేనంటాను. పార్కుకు కాదు, పైన కప్పున్న ఇంకో చోటికి. "ఈ వానలో పసిదాన్నేసుకుని ఎక్కడికమ్మా?" అని మా అత్తయ్య మొదట్లో అడిగేది. అడగాల్సిన ప్రశ్నే. పెద్దవాడితో మొదలుపెట్టి ఇన్ని వానాకాలాల్లో నేను నేర్చుకున్నదంతా ఆ ప్రశ్నకు జవాబుగా ఇక్కడ వరసగా రాస్తున్నాను. అన్నిటికంటే ముఖ్యమైంది ముందే చెప్పేస్తాను. ఒకే ఒక్క దాని కోసం వెళ్ళండి. మ్యూజియం చూడ్డానికి వద్దు, మ్యూజియంలో గడియారం చూడ్డానికి వెళ్ళండి. ఊరు తిరగడానికి వద్దు, మెట్రో కిటికీ పక్కన అరగంట నిలబడడానికి వెళ్ళండి. ఆ ఒక్కటీ అయిపోగానే ఇంటిదారి పట్టండి. పసిపిల్లల ఓపిక అంతవరకే ఉంటుంది, వాళ్ళను మోసే తల్లి ఓపిక కూడా.

1. ముందు ఆకాశం సంగతి తేల్చుకోండి

కిటికీలోంచి కనిపించే ఆకాశాన్ని నమ్మకండి. వాతావరణ శాఖ 'మౌసమ్' యాప్‌లోనో వెబ్‌సైట్‌లోనో మీ జిల్లా రంగు చూడండి. పసుపు అంటే గమనిస్తూ ఉండమని, నారింజ అంటే సిద్ధంగా ఉండమని, ఎరుపు అంటే వెంటనే జాగ్రత్త పడమని. మా ఇంట్లో ఆకుపచ్చ, పసుపు రోజుల్లో వెళ్తాం. నారింజ, ఎరుపు కనిపిస్తే పిల్లాడు ఎంత గోల చేసినా గడప దాటం.

ఆ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు పడితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ. కానీ నగరంలో మనల్ని ఇబ్బంది పెట్టేది రోజు మొత్తంలో పడిన వాన కంటే ఒక్క గంటలో కుమ్మరించే వానే. అరవై మిల్లీమీటర్లు రోజంతా తుంపరగా పడితే గొడుగేసుకుని నడిచిపోవచ్చు. అదే గంటలో పడితే అండర్‌పాస్‌లు నిండిపోతాయి. అందుకే రంగు చూశాక రాబోయే మూడు గంటలకు ఇచ్చే 'నౌకాస్ట్' కూడా చూస్తాను. పిడుగుల కోసం 'దామిని' యాప్ ఉంది. 2020 అక్టోబరు 13 రాత్రి వరదకు ఈ నగరం ఏమైందో చూసినవాళ్ళకు ఈ ఐదు నిమిషాల పని ఎక్కువ అనిపించదు.

ఇంకో మాట. గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయాల గేట్లు ఎత్తారని వార్త వస్తే ఆ రోజు మూసీ నది ఒడ్డున ఉన్న చోట్లకు వెళ్ళకండి. వాన మీ వీధిలో లేకపోయినా నీళ్ళు అక్కడికి వస్తాయి.

2. పిల్లల ఒంట్లో ఎలా ఉందో చూడండి

వానాకాలం జ్వరాల కాలం కూడా. ముక్కు కారుతున్నా, రాత్రి ఒళ్ళు వెచ్చబడినా, విరేచనాలున్నా ఆ రోజు ప్రయాణం మానుకోండి. మన బిడ్డ కోసమే కాదు, అక్కడికి వచ్చే ఇంకో తల్లి బిడ్డ కోసం కూడా.

మరీ చంటిపిల్లలతో నేను పెట్టుకున్న హద్దు 14 వారాల టీకాలు. ఆరు, పది, పద్నాలుగు వారాలకు వేసే ఆ మూడు విడతలూ పూర్తయ్యేదాకా జనం కిక్కిరిసే మూసిన హాళ్ళకు తీసుకెళ్ళలేదు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డయితే డాక్టరుగారిని అడిగే నిర్ణయించుకోండి. మూడు నెలలు నిండని బిడ్డకు 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ జ్వరం వస్తే ఇంట్లో మందు వేసి చూడకూడదు, వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

3. గంట ఎంపిక: పిల్లల నిద్రను బట్టి

చోటు ఎంచుకోకముందే గంట ఎంచుకోవాలి. చాలామంది తిరగేసి చేస్తారు, నేనూ చేశాను. ఒకసారి మధ్యాహ్నం ఒంటిగంటకు, పాప నిద్ర వేళకు సరిగ్గా, టికెట్ల వరసలో నిలబడ్డాను. లోపలికి వెళ్ళేసరికి ఇద్దరూ ఏడుస్తున్నారు. ఏమీ చూడకుండానే తిరిగొచ్చాం. ఆ రోజు తప్పు పిల్లలది కాదు.

ఎనిమిది నెలల పిల్ల ఒకసారి నిద్ర లేచాక ఉత్సాహంగా ఉండేది రెండు మూడు గంటలే. అందులోంచి పాలు తాగడానికి, బట్టలు మార్చడానికి అరగంట తీసేయండి. దారికి అరగంట. మిగిలేది గంట, మహా అయితే రెండు. మీ చోటు ఆ కాస్త సమయంలో ఇమడాలి. మా ఇంట్లో పాప ఉదయం తొమ్మిదిన్నరకు నిద్ర లేస్తుంది. పది దాటాక బయల్దేరితే ఒంటిగంటలోపు ఇల్లు చేరతాం. నడిచే పిల్లలు మాత్రమే ఉంటే ఇంకో గంట కలుపుకోవచ్చు, అంతకుమించి వద్దు. పైగా నగరంలో జోరువాన ఎక్కువసార్లు సాయంత్రం పూటే పడుతుంది. ఉదయం వెళ్ళొస్తే ఆ బెంగ కూడా ఉండదు.

4. సాలార్‌జంగ్ మ్యూజియం: గడియారం కోసం

వాన రోజున పిల్లలతో వెళ్ళడానికి నగరంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇదే. మూసీ దక్షిణపు ఒడ్డున ఉంటుంది. 1951లో సాలార్‌జంగ్ కుటుంబ భవనమైన దివాన్ దేవిడిలో మొదలై, 1968లో ఇప్పుడున్న భవనంలోకి వచ్చింది. ఉదయం పదికి తెరుస్తారు, శుక్రవారం సెలవు. గ్యాలరీలు ముప్పైకి పైగా ఉన్నాయి. మనకు కావలసింది ఒక్కటే.

పదకొండు గంటలకు ఇరవై నిమిషాల ముందే గడియారం దగ్గరికి చేరండి. కూర్చోవడానికి చోటుంటుంది, కానీ గంట దగ్గరపడేకొద్దీ నిండిపోతుంది. పెద్దపిల్లలుంటే ముందు వరసలో కూర్చోబెట్టండి. చంటిపిల్లతో ఉన్నవాళ్ళు పక్కగా, బయటికి దారి ఉన్న చోట నిలబడండి. ఏడుపు మొదలైతే ఎవరినీ దాటకుండా బయటికి రావచ్చు.

ఆ గడియారంలో ఒక చిన్న కమ్మరి ఉంటాడు, సెకను సెకనుకూ సుత్తి వేస్తుంటాడు. పిల్లలకు ముందు వాణ్ణి చూపించండి. మావాడు పది నిమిషాలు వాడితో పాటు మోకాలి మీద పిడికిలితో కొడుతూ కూర్చున్నాడు. గంట కొట్టే ముందు తలుపు తెరుచుకుని గడ్డం ఉన్న బుల్లి మనిషి బయటికి వస్తాడు. హాల్లో మాటలు వాటంతటవే ఆగిపోతాయి. వాడు ఎన్ని గంటలైతే అన్నిసార్లు గంట మోగించి లోపలికి వెళ్ళిపోతాడు. మా పాపకు ఆ మనిషి కనిపించి ఉండడు, దూరం ఎక్కువ. కానీ గంట మోగిన ప్రతిసారీ నా మెడ మీద తన చేయి బిగుసుకుంది, ఆగాక వదులైంది. పదకొండుసార్లూ అంతే. ఆమె వచ్చింది ఆ చప్పుడు కోసమని నాకు అప్పుడు తెలిసింది.

పన్నెండు గంటలకు మాత్రం వెళ్ళొద్దు. పన్నెండు దెబ్బలు వినాలని జనం ఎక్కువగా వస్తారు, పిల్లలకు ఏమీ కనపడదు.

గడియారం అయ్యాక ఇంకా ఓపిక మిగిలితే ఒకే ఒక్క మరో వస్తువు. నాలుగేళ్ళ పిల్లలైతే వెనక అద్దం పెట్టిన చెక్క శిల్పం దగ్గరికి తీసుకెళ్ళండి. ముందు నుంచి చూస్తే మెఫిస్టోఫిలిస్ అనే దెయ్యం, అద్దంలో చూస్తే తల వంచుకున్న మార్గరెట్టా అనే అమ్మాయి. "ఎదురుగా ఎవరు? అద్దంలో ఎవరు?" అని అడిగితే చాలు, అటూ ఇటూ తిరుగుతూ వాళ్ళే ఆడుకుంటారు. రెండేళ్ళ పిల్లలైతే బొమ్మల గ్యాలరీ మేలు. అక్కడే ఉన్న మేలిముసుగు రెబెక్కా గొప్ప శిల్పమే, పిల్లలకు మాత్రం ఇంకా తొందర.

పెద్ద సంచులు బయట పెట్టించుకుంటారు. పాలసీసా, ఒక డైపర్, తడి తుండు ఉన్న చిన్న సంచి విడిగా సర్దుకోండి. స్ట్రోలర్ కంటే బేబీ క్యారియర్ సుఖం, రెండు చేతులూ పెద్దవాడికి ఖాళీగా ఉంటాయి. క్యారియర్‌లో బిడ్డ ముఖం ఎప్పుడూ మీకు కనిపించాలి, గడ్డం ఛాతీకి ఆనకుండా ఉండాలి. ముద్దు పెట్టుకునేంత దగ్గరగా తల ఉందంటే సరిగ్గా కట్టుకున్నట్టు.

5. మెట్రో: ఎక్కడికీ వెళ్ళని ప్రయాణం

ఖర్చు తక్కువ, తడవడం తక్కువ. 2017 నవంబరులో మొదలైన ఈ మెట్రో కంటే పిల్లలకు మంచి వాన రోజు ఆట ఇంకోటి నాకు దొరకలేదు. 90 సెంటీమీటర్ల లోపు ఎత్తున్న పిల్లలకు టికెట్ అక్కర్లేదు. అంటే సుమారు మూడడుగులు. ఇంట్లోనే గోడకు నిలబెట్టి కొలిచి చూడండి, అదీ వాళ్ళకొక ఆటే.

వెళ్ళే వేళ పదిన్నర నుంచి నాలుగు మధ్య. ఆఫీసు వేళల్లో అమీర్‌పేట, రాయదుర్గం వైపు అసలు వద్దు. స్ట్రోలర్ ఉంటే లిఫ్టులోనే పైకి వెళ్ళండి. వెడల్పు గేటు ఎక్కడుందో అడిగితే సిబ్బంది చూపిస్తారు. ప్లాట్‌ఫాం మీద పసుపు గీతకు వెనక నిలబడి పిల్లాడి మణికట్టు పట్టుకోండి. వేళ్ళు పట్టుకుంటే తడి చేయి జారిపోతుంది.

నాగోల్-రాయదుర్గం దారిలో మెట్టుగూడకు, సికింద్రాబాద్ ఈస్ట్‌కు మధ్య రైలు పట్టాల మీదుగా వెళ్తాం. మనం పైన, కింద రైలు. మావాడికి ఆ అర నిమిషమే ప్రయాణమంతా. రైలు రాకముందే "ఇప్పుడు కిందకి చూడు కన్నా" అని సిద్ధం చేయాలి, లేకపోతే దాటిపోతుంది. అమీర్‌పేటలో ఒక రైలు మీద ఇంకో అంతస్తులో మరో రైలు వస్తుంది. మియాపూర్-ఎల్బీనగర్ దారిలోనైతే ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్) దగ్గర మూసీ కనిపిస్తుంది, వానాకాలంలో ఎర్రగా పారుతూ.

కిటికీ మీద జారే చినుకుల్లో ఏది ముందు కిందికి చేరుతుందో పందెం వేసుకోండి. పాప అద్దానికి అరచేయి ఆనించి చూస్తూ ఉంటుంది. దాని కోసం వేరే ఏమీ చేయనక్కర్లేదు. ఒక టికెట్ మీద స్టేషన్ లోపల ఉండగలిగే సమయానికి పరిమితి ఉంటుంది కాబట్టి చివరి స్టేషన్‌లో బయటికి వచ్చి, కాళ్ళు సాగదీసి, తిరుగు టికెట్ తీసుకోండి.

6. మిగతా చోట్లు, క్లుప్తంగా

బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటసారస్ అస్థిపంజరం ఉంది. కోట్ల ఏళ్ళ నాటి డైనోసార్, మన నేలలోంచి తవ్వి తీసింది. మూడు దాటిన పిల్లలు దాని కాళ్ళ దగ్గర నిలబడి తల వెనక్కి వాల్చి చూస్తారు. పక్కనే 1985లో మొదలైన ప్లానెటేరియం. అందులో హాలంతా చీకటి చేస్తారు, శబ్దం ఎక్కువ. నాలుగేళ్ళ లోపు పిల్లల్ని తీసుకెళ్ళకపోవడమే మంచిది. బహదూర్‌పురాలోని సుధా కార్స్ మ్యూజియంలో బూటు, బంతి ఆకారాల్లో కార్లుంటాయి, మాటలు నేర్చే వయసు పిల్లలతో "ఇదేంటి?" ఆటకు బాగుంటుంది.

విశాఖ వాళ్ళకు విశాఖ మ్యూజియం, విజయవాడ వాళ్ళకు బాపు మ్యూజియం, తిరుపతి వాళ్ళకు ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం. విశాఖలో కురుసుర జలాంతర్గామికి నడిచే పిల్లలతోనే వెళ్ళండి. లోపల దారి ఇరుకు, గది గదికీ కాలెత్తి దాటాల్సిన తలుపులు, చంటిపిల్లను ఎత్తుకుని తిరగడం కష్టం.

మాల్ గురించి. తప్పించుకోలేని చోటే, కానీ అక్కడ పిల్లాడి రోజు కొనడంతో గడిచిపోతుంది. లిఫ్టు ఎక్కి దిగడం, గాజు రెయిలింగ్‌లోంచి కిందికి చూడడం, పుస్తకాల షాపులో నేల మీద కూర్చుని రెండు పుస్తకాలు చదవడం. ఇంతే మా ప్రణాళిక. ఎస్కలేటర్ మీద స్ట్రోలర్ ఎక్కించకండి. మెత్తటి రబ్బరు చెప్పులు, రెయిన్‌కోటు అంచు, అమ్మ చున్నీ దాని మెట్ల పళ్ళలో చిక్కుకుంటాయి. పాలిచ్చే గది ఎక్కడుందో లోపలికి రాగానే అడిగి, తలుపు తీసి కళ్ళతో చూసుకోండి. ఒకచోట గదికి తాళం ఉంది, తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కునేసరికి ఇరవై నిమిషాలు పట్టింది, పాప అప్పటికి ఎక్కిళ్ళు పెడుతోంది.

డబ్బిచ్చి ఆడించే ప్లే ఏరియాలకు ఏడాదిన్నర లోపు పిల్లల విభాగం విడిగా ఉంటేనే వెళ్ళండి. సాక్సులు తీసుకెళ్ళండి. వానాకాలంలో చేతుల మీద, పాదాల మీద, నోట్లో పొక్కులు వచ్చే హ్యాండ్ ఫుట్ మౌత్ జబ్బు ఇలాంటి చోట్ల తేలిగ్గా అంటుకుంటుంది. బయటికి రాగానే చేతులు సబ్బుతో కడగాలి, ఆ వైరస్‌కు శానిటైజర్ కంటే సబ్బు, నీళ్ళే మేలు.

ఏదీ కుదరకపోతే బంధువుల ఇల్లు. అమ్మమ్మ వాళ్ళింట్లో కొత్త గిన్నెలు, కొత్త గరిటెలు, కొత్త మెట్లు ఉంటాయి. ఏడాది లోపు పిల్లకు అది మ్యూజియమే. ముందు ఫోన్ చేసి ఆ ఇంట్లో ఎవరికీ జ్వరం లేదని తెలుసుకుని వెళ్ళండి.

7. సంచి

రాత్రే సర్దండి. రెండు జతల బట్టలు పాపకు, ఒక జత పెద్దవాడికి, ఒక చొక్కా మీకు. తల్లి చొక్కా అందరం మర్చిపోతాం. గంటకొక డైపర్, పైన ఇంకొకటి. తడిబట్టలకు రెండు ప్లాస్టిక్ సంచులు. పల్చటి పాత నూలు చీర ముక్క ఒకటి తుండుకు, దుప్పటికి, పాలిచ్చేటప్పుడు చాటుకు పనికొస్తుంది.

పిండిన తల్లిపాలు మామూలు గది వేడిలో నాలుగు గంటలు ఉంటాయి. డబ్బా పాలైతే కలిపి తీసుకెళ్ళకండి. ఫ్లాస్కులో కాచిన నీళ్ళు, విడిగా కొలిచిన పొడి పెట్టుకుని అక్కడే కలపండి. బిడ్డ నోరు పెట్టాక గంటలో వాడని పాలు పారబోయాలి. పెద్దవాడికి ఇడ్లీ, అరటిపండు, ఉడికించిన చిలగడదుంప ముక్కలు. పాప్‌కార్న్, పల్లీలు, కోయని ద్రాక్ష నాలుగేళ్ళ లోపు పిల్లలకు పెట్టకండి, గొంతుకు అడ్డం పడతాయి.

డెంగీ దోమ పగలే కుడుతుంది. పొడుగు చేతుల నూలు చొక్కా, సాక్సులు వేయండి. రెండు నెలల లోపు పిల్లలకు దోమల క్రీములు రాయకూడదు, స్ట్రోలర్ మీద దోమతెర కప్పాలి.

8. దారి

వానలో చంటిపిల్లతో బండి మీద వద్దు. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ళ దాకా పిల్లలకు హెల్మెట్, బండి నడిపేవాళ్ళతో కలిపి కట్టే సేఫ్టీ బెల్టు ఉండాలని, వేగం 40 కిలోమీటర్లు దాటకూడదని 2023 ఫిబ్రవరి నుంచి నిబంధన కూడా ఉంది. ఆటో అయితే మీరు మధ్యలో కూర్చుని, పిల్లాణ్ణి తెర దించిన వైపు కూర్చోబెట్టండి. రోడ్డు మీద పారే నీళ్ళు కనిపిస్తే లోతు ఊహించొద్దు. అడుగు లోతు నీళ్ళకే చాలా కార్లు తేలిపోతాయి, నడిచేవాళ్ళకు కింద మ్యాన్‌హోల్ మూత ఉందో లేదో కనిపించదు. వెనక్కి తిరగండి.

స్ట్రోలర్ ప్లాస్టిక్ కవర్‌కు గాలి రంధ్రాలు ఉండాలి. కప్పు కిందికి చేరిన వెంటనే తీసేయండి, మన ఉక్కపోతలో లోపల క్షణాల్లో వేడెక్కుతుంది. ఏసీ హాల్లోకి అడుగు పెట్టేముందు గుమ్మం దగ్గరే ఆగి తల తుడిచి, తడి సాక్సులు మార్చండి. మా అత్తయ్య ఏసీకి జలుబు చేస్తుందనేది. తడిబట్టలతో చల్లగాలిలో ఉంచొద్దన్న ఆవిడ మాట మాత్రం నేను తు.చ. తప్పకుండా పాటిస్తాను.

9. తిరిగొచ్చాక

చెప్పులు గుమ్మం బయటే. ముందు అందరి చేతులూ కాళ్ళూ సబ్బుతో, తర్వాత గోరువెచ్చని నీళ్ళతో పిల్లలకు స్నానం. మెడ మడతలు, వేళ్ళ సందులు, తొడల సందులు బాగా ఆరనివ్వండి. వానాకాలంలో తామర అక్కడే మొదలవుతుంది. తర్వాత వారం రోజులు అరచేతులు, పాదాలు, నోరు గమనించండి, పొక్కులు కనిపిస్తే డాక్టరుకు చూపించి, తగ్గేదాకా ఎవరింటికీ తీసుకెళ్ళకండి.

పాప నిద్రపోయాక మా ఇంట్లో మిగిలే పని బూట్లు. పాత పేపర్లు ఉండలు చుట్టి లోపల కుక్కి, ఫ్యాను కింద వాలుగా పెట్టాలి. రాత్రి పడుకునే ముందు ఒకసారి ఆ పేపర్లు తీసి పొడివి పెడితే తెల్లారేసరికి ఆరతాయి. మావాడు ఆ ఉండలు చుడుతూ నేల మీద కమ్మరిలా కొడుతుంటాడు, సెకనుకొకటి.